గీత దాటాక నేల ఎంతుంది? తిరుపతిలో సైకిల్ స్ప్రింట్ సిరీస్

ప్రశ్న: ఆదివారాలు తిరుపతి నుంచి చంద్రగిరి దాకా సైకిళ్ళ మీద వెళ్ళొచ్చే బృందం మాది. మొత్తం 24 మందిమి, అందులో నలుగురు అమ్మాయిలు. వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ పందేలకే కట్టిన ట్రాక్‌లో, ఇద్దరిద్దరు తలపడే స్ప్రింట్ పోటీలను నాలుగు రౌండ్ల సిరీస్‌గా పెట్టాలనుకుంటున్నాం. ఊళ్ళో వెలోడ్రోమ్ లేదు. తెల్లవారుజామున అలిపిరి బైపాస్ మీద పెట్టుకోవచ్చా, లేక గ్రౌండు అడగాలా? నాకౌట్ పద్ధతి చాలుతుందా? టైమింగ్ యంత్రాలు కొనే స్తోమత లేదు, ఫోన్లతో పని జరుగుతుందా? చాలామందివి గేర్ల సైకిళ్ళు, ముగ్గురివి మాత్రం బ్రేకుల్లేని ఫిక్స్‌డ్ గేర్ (చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళూ తిరిగేవి). – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: రోడ్డు సంగతి ముందే తేల్చేద్దాం. వద్దు. అలిపిరి వైపు రోడ్డు ఖాళీగా కనిపించే వేళంటూ ఏదీ లేదు. తెల్లారుజామున నాలుగింటికే కాలినడక భక్తులు, కొండ బస్సులు, జీపులు తిరుగుతుంటాయి. ఏకంగా రోడ్డే మూయించారనుకున్నా లెక్క కుదరదు. వేగం అందుకోవడానికి 200 మీటర్లు, పోటీకి 200, ఆగడానికి 200 పోను కాస్త మిగులు కూడా కావాలి. అంటే పక్కదారులు లేని 650 మీటర్ల తిన్నని రోడ్డు. ప్రతి సందు మొగలోనూ ఒక మనిషిని నిలబెట్టాలి. అంత మంది ఉంటే గ్రౌండులో రెండు సిరీస్‌లు నడపొచ్చు.

కాబట్టి గ్రౌండే. తారకరామ స్టేడియమైనా, శ్రీనివాస క్రీడా సముదాయమైనా, ఏదైనా కాలేజీ మైదానమైనా, అడగబోయే ముందు ట్రాక్ మట్టిదా సింథటిక్‌దా చూసుకోండి. సింథటిక్ అయితే అడగకండి. నున్నటి టైరు వల్ల పెద్ద నష్టం ఉండదు. కానీ ఒక్కరు పడితే చాలు, పెడలు, హ్యాండిల్ చివర కలిసి ఆ పైపొరను చీల్చేస్తాయి. దాని మరమ్మతు ఖర్చు మీ సిరీస్ మొత్తం ఖర్చును మించిపోతుంది. గట్టిపడిన 400 మీటర్ల మట్టి ట్రాక్ దొరికితే అదే మీకు సరైనది. యూనివర్సిటీ, కాలేజీ మైదానాలకు వ్యాయామ విద్యా విభాగానికి, ప్రభుత్వ మైదానాలకు జిల్లా క్రీడాభివృద్ధి అధికారికి రాతపూర్వకంగా అడగండి. 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి వేరే జిల్లా. పాత పరిచయాలు పట్టుకుని చిత్తూరు ఆఫీసులకు తిరిగి లాభం లేదు. ఒక ప్రతి పోలీస్ స్టేషన్‌లో, ఇంకొకటి పొద్దునే నడకకు వచ్చే వాళ్ళ సంఘానికి, వారం ముందే. ఈ రెండోదాన్ని తేలిగ్గా తీసుకుంటే ముప్పై ఏళ్ళుగా అదే ట్రాక్ మీద నడుస్తున్న పెద్దాయన మూడో మలుపులో మీకు ఎదురొస్తాడు. తప్పు ఆయనది కాదు.

ఇక అసలు విషయం, మలుపు. వెలోడ్రోమ్‌లో మలుపును పళ్ళెం అంచులా ఎత్తి కడతారు. ఢిల్లీ ఇందిరాగాంధీ స్టేడియంలో 250 మీటర్ల చెక్క ట్రాక్ ఉంది. అంత చిన్న చుట్టులో మలుపులు 40 డిగ్రీలు దాటి లేచి ఉంటాయి. అలా లేపితేనే ఆ వేగం సాధ్యం. పారిస్ ఒలింపిక్స్‌లో 2024లో నెదర్లాండ్స్‌కు చెందిన హ్యారీ లావ్రేసన్ 200 మీటర్లను 9.088 సెకన్లలో దాటాడు. గంటకు 79 కిలోమీటర్లు! మీ మట్టి మలుపుకు ఏటవాలు లేదు. ప్రామాణిక అథ్లెటిక్ ట్రాక్ మలుపు వ్యాసార్థం 36.5 మీటర్లు. దాని మీద 40 కిలోమీటర్ల వేగంతో తిరిగితే సైకిల్ 19 డిగ్రీల దాకా వాలాలి, 45తో తిరిగితే దాదాపు 24 దాకా. పొడి ఇసుక పరుచుకున్న చోట 20 డిగ్రీల దగ్గరే టైరు జారడం మొదలవ్వొచ్చు. మీ హద్దు అదే. 300 మీటర్ల చిన్న ట్రాక్ ఇస్తామంటే దండం పెట్టి వచ్చేయండి. అక్కడ 45కే దాదాపు 30 డిగ్రీలు వాలాలి.

గ్రౌండు ఖాయం చేసుకునే ముందు మీలో నిదానస్తుడైన ఒకరిని ఒంటరిగా తిప్పి చూడండి. మలుపులో 30, తర్వాత 35, తర్వాత 40. వెనక చక్రం ఒక్కసారి తొణికినా ఆ రోజుకు ఆపేసి, ఊడ్చి, తడిపి, మళ్ళీ చూడాలి. తడపడం ముందురోజు సాయంత్రమే. పొద్దున నీళ్ళు చల్లితే దుమ్ము అణగదు, బురద అవుతుంది. చల్లాక వీలైతే క్రికెట్ రోలర్ ఒకసారి తిప్పించండి. పొద్దున చీపుర్లతో ఇద్దరు మలుపులు మాత్రం ఊడిస్తే చాలు. తిన్నని భాగంలో కంకర పెద్ద ప్రమాదం కాదు.

ముగింపు గీత దగ్గర చాలామంది పొరపాటు పడతారు. అథ్లెటిక్స్ ముగింపు గీత తిన్నని భాగం చివర, సరిగ్గా మలుపు మొదలయ్యే చోట ఉంటుంది. పరుగుపందెం వాడికి అది ఇబ్బంది కాదు, నాలుగడుగుల్లో ఆగుతాడు. సైకిల్ మీద తల దించుకుని, ఊపిరి అందక, 45 వేగంతో ఆ గీత దాటినవాడు మరుక్షణమే చదునైన మలుపులో ఉంటాడు. పడేది అక్కడే, గెలిచాక. అందుకని గీతను తిన్నని భాగం సరిగ్గా మధ్యకు జరపండి. ప్రామాణిక ట్రాక్‌లో తిన్నని భాగం 84.39 మీటర్లు, అందులో సగం 42.2. బ్రేకును మెల్లగా తాకినా ఆ 42 మీటర్లలో వేగం 30కి దిగుతుంది. వాడు మలుపులోకి క్షేమంగా వెళ్తాడు.

ఇలా జరపడంలో ఇంకో లాభం ఉంది. 400 మీటర్ల చుట్టులో సగం 200 కాబట్టి 'చివరి 200' గీత గ్రౌండుకు సరిగ్గా అవతల, ఎదురు తిన్నని భాగం మధ్యలో పడుతుంది. మీ టైమింగ్ సమస్య దీనితోనే తీరుతుంది.

అదెలాగంటే, రెండు గీతలకూ మధ్య తాడు కట్టి గ్రౌండు నట్టనడుమ ఒక మేకు కొట్టండి. మేకు మీద స్టాండు, స్టాండు మీద ఫోను. ప్రతి గీతకూ ట్రాక్ లోపలి అంచు బయట ఒకటి, అవతలి అంచు బయట ఒకటి తెల్లరంగు వేసిన వెదురు కర్రలు పాతండి. ఫోన్‌లో ఆ రెండు కర్రలూ ఒకదాని వెనక ఒకటి దాక్కుంటే కెమెరా సరిగ్గా గీత సూటిలో ఉన్నట్టు. రైడర్ 200 గీత దాటేటప్పుడు చిత్రీకరించి, అతనితో పాటు ఫోనును తిప్పుకుంటూ వచ్చి, ముగింపు కర్రల దగ్గర ఆపాలి. ఒకే వీడియో, ఒకే గడియారం. ముందు చక్రం కర్రను తాకిన రెండు ఫ్రేముల మధ్య కాలమే అతని టైము. సెకనుకు 60 ఫ్రేములు పెడితే ఒక ఫ్రేముకు ఆ చక్రం సుమారు 20 సెంటీమీటర్లు కదులుతుంది, అంటే తేడా సెకనులో 60వ వంతు. క్లబ్బు పోటీకి ఆ కచ్చితత్వం కావాల్సినదానికన్నా ఎక్కువే. సెకనులో పదో వంతు దాకా ప్రకటించి ఊరుకోండి, వందో వంతులు గోడ మీద రాసి గొడవలు తెచ్చుకోవద్దు. ఒక్క జాగ్రత్త. తెల్లవారుజాము చీకటిలో చాలా ఫోన్లు వాటంతటవే ఫ్రేములు తగ్గించేస్తాయి. ఎండ పడ్డాకే మొదలుపెట్టండి. ఫ్రేములు లెక్కపెట్టకుండా వీడియో చూపించే సమయాన్ని చదవండి.

స్టాప్‌వాచ్ తప్పదంటే ముగ్గురు పట్టుకోవాలి, మధ్య టైము తీసుకోవాలి. 200 గీత దగ్గర విజిల్ వాడకండి. గ్రౌండు అడ్డంగా 73 మీటర్ల పైన ఉంటుంది, శబ్దం ఇవతలికి రావడానికే సెకనులో ఐదో వంతు పడుతుంది. జెండా దించితే ఆ తేడా ఉండదు.

గెలుపోటములకు మాత్రం వేరే ఫోను కావాలి. ముగింపు గీత సూటిలో, ట్రాక్ బయట, బల్ల మీద ఎత్తుగా, సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్‌లో పెట్టండి. నిబంధన ప్రకారం ముందు టైరు గీత తొలి అంచు మీదుగా లేచే నిట్టనిలువు తలాన్ని ముందుగా ఎవరిది తాకితే వారే విజేత. చివరి క్షణంలో చేతులు చాచి సైకిల్‌ను ముందుకు విసరడం స్ప్రింటర్ల విద్య, అది తప్పు కాదు. నంబర్లు ఈ వీడియోలో కనపడవు. కాబట్టి లోపలి రైడర్‌కు ఎర్ర, బయటి రైడర్‌కు తెల్ల బనియన్ తొడిగించండి. రెండు జతలు కొంటే చాలు, మార్చుకుంటూ వాడొచ్చు.

కొలతలకు 50 మీటర్ల స్టీలు టేపు తీసుకోండి, గుడ్డ టేపు సాగుతుంది. లోపలి గీత నుంచి 20 సెంటీమీటర్లు బయటగా కొలవాలి. మలుపులో టేపును ఒక్కసారిగా లాగితే అది వంపు వదిలేసి అడ్డంగా పోతుంది, రెండేసి మీటర్లకు మేకులు గుచ్చుకుంటూ వెళ్ళండి. ఈ దూరంలో ఒక మీటరు తప్పితే టైములో సుమారు 0.08 సెకను తప్పినట్టు. గీతలకు ముగ్గుపిండి చాలు. కాల్చిన సున్నం వాడకండి, దుమ్ము లేస్తే కళ్ళు మండుతాయి. మలుపుల్లో ఏ గీతనూ మందంగా పోయొద్దు, తడిస్తే జారుతుంది. లోపలి అంచున ఇటుకలు, రాళ్ళు ఎట్టి పరిస్థితిలోనూ ఉండకూడదు. పాత పరుపుల స్పాంజి కోసి ఐదేసి మీటర్లకు ముక్కలు పెడితే అడ్డంగా కోసేవాడు ఆగుతాడు, తగిలినవాడు పడడు. వెలోడ్రోముల్లో కూడా టైము పరుగులప్పుడు స్పాంజి దిమ్మెలే పెడతారు.

ఇప్పుడు నాకౌట్ సంగతి. మీకు అది సరిపడదు. 24 మందిలో సగం మంది తెల్లారి లేచి, సైకిల్ తుడుచుకుని వచ్చి, ఒక్క పరుగు ఓడి ఏడున్నరకే ఇంటికి పోతారు. రెండో రౌండుకు వాళ్ళు రారు, మూడో రౌండుకు వాళ్ళ స్నేహితులు రారు. ఛాంపియన్‌షిప్‌కు నాకౌట్ బాగుంటుంది, సిరీస్‌కు నిచ్చెన బాగుంటుంది. మొదటి రౌండులో అందరి చేతా ఒంటరిగా 200 మీటర్ల పరుగు పెట్టించండి. రెండు చుట్లు తిరిగి చివరి 200కి టైము. మగవాళ్ళను టైముల వరసన నలుగురేసి ఐదు గ్రూపులు చేయండి. నలుగురు అమ్మాయిలదీ ఒక గ్రూపు. ప్రతి గ్రూపులో అందరూ అందరితో తలపడాలి, గ్రూపుకు 6 పోటీలు, మొత్తం 36. ఎంత నెమ్మదిగా తొక్కేవాడైనా తనకు దగ్గరి వేగం ఉన్నవాడితో మూడుసార్లు పోటీ పడతాడు. గ్రూపులో గెలిచినవాడు వచ్చే రౌండులో పై గ్రూపుకు, ఆఖరివాడు కిందికి. సినిమా చూసినంత మజా అంతా మూడో, నాలుగో గ్రూపుల్లోనే ఉంటుంది, చూడండి.

పాయింట్లు తేలిక. మొదటి గ్రూపు విజేతకు 20, ఐదో గ్రూపు ఆఖరివాడికి 1. అమ్మాయిలకు వాళ్ళలో వాళ్ళకు 4, 3, 2, 1, రెండో రౌండు తర్వాత వాళ్ళు కోరితే నిచ్చెనలోకి తీసుకోండి. నాలుగు రౌండ్లలో మంచివి మూడే లెక్కించండి, ఎవరికో పెళ్ళో పరీక్షో తగులుతుంది. గ్రూపులో ముగ్గురు రెండేసి గెలిచి సమానమైతే 200 మీటర్ల టైము చూడాలి. ఒక రౌండు టైములను ఇంకో రౌండు టైములతో పోల్చకండి. ఖాళీ మైదానంలో గాలి ఏ రోజుకు ఆ రోజే. రెండు, మూడు రౌండ్లలో ఆ టైము పరుగే తీసేయొచ్చు, 50 నిమిషాలు మిగులుతాయి.

ఒక్కో పోటీ రెండు చుట్లు, 800 మీటర్లు. చీటీ తీసి లోపలి వాడిని తేల్చండి. మొదటి సగం చుట్టు అతనే ముందుండాలి, నడక వేగానికి తగ్గకుండా. పెద్ద పోటీల్లో సైకిల్‌ను నిలబెట్టి ఎదుటివాడిని ముందుకు పంపే ఎత్తుగడ ఉంటుంది, ఒక్కోసారి 30 సెకన్లు మించకుండా. మొదటి ఏడాది దాన్ని నిషేధించండి. ఫ్రీ వీల్ సైకిల్ (తొక్కడం ఆపినా చక్రం తిరిగే మామూలు సైకిల్) మీద నిలబడబోయి పక్కకు ఒరిగేవాళ్ళే ఎక్కువ, పైగా సమయం తినేస్తుంది. చివరి 200లో లోపలి అంచు నుంచి 85 సెంటీమీటర్ల దగ్గర ముగ్గుపిండితో ఒక గీత గీయండి. ముందున్నవాడు దాని లోపల ఉంటే అతన్ని లోపలి పక్క నుంచి దాటకూడదు. అతను కూడా చాలినంత ముందు లేకుండా గీత దాటి బయటికి రాకూడదు. బయట ఉన్నవాడు లోపలికి దూసుకొచ్చి ఎదుటివాడి చక్రానికి అడ్డం పడితే ఓడినట్టే, వాదన లేదు. బయటి నుంచి దాటాలంటే ఎంత ఖరీదో మీ వాళ్ళకు ముందే చెప్పండి. మలుపు పొడవునా ఒక మీటరు బయటగా తొక్కితే 3.14 మీటర్లు అదనం. అది తెలిసినవాడు మలుపులో ఎదుటివాడి వెనకే గాలి చాటున దాక్కుని, చివరి 42 మీటర్లలో బయటికొస్తాడు.

సైకిళ్ళ విషయంలో ఒకే మాట. అందరికీ బ్రేకులు ఉండాలి. వెలోడ్రోమ్‌లో ఎవరికీ బ్రేకులుండవు, కాబట్టి ఎవరూ హఠాత్తుగా ఆగరు. మీ దగ్గర కొందరికి ఉండి కొందరికి లేకపోతే ఉన్నవాడు నొక్కినప్పుడు లేనివాడు వెళ్ళి గుద్దుతాడు. ఆ ముగ్గురూ ముందు చక్రానికి ఒక్క బ్రేకైనా బిగించుకుంటే సరి. వాళ్ళ గొలుసును నడిమధ్యన వేలితో కదిపితే పైకీ కిందికీ సెంటీమీటరు దాకా ఆడాలి, అంతకు మించి వదులైతే ఊడి వెనక చక్రం బిగిసిపోతుంది. 48 పళ్ళ ముందు చక్రం, 16 పళ్ళ వెనక చక్రం ఉంటే ఒక్కో తొక్కుడుకు సుమారు 6.3 మీటర్లు వస్తుంది. 45 వేగానికి నిమిషానికి 120 తొక్కుళ్ళు, అది మీ నేలకు సరిపోతుంది. గేర్ల వాళ్ళు స్ప్రింటులో గేరు మార్చొద్దు. బలమంతా పెడలు మీద ఉన్నప్పుడు మారిస్తే గొలుసు జారి మనిషి హ్యాండిల్ మీద పడతాడు. చివరి చుట్టుకు ముందే ఎంచుకోవాలి. ఇక మలుపులో లోపలి పెడలు కింద ఉండగా తొక్కితే నేలకు గీసుకుంటుంది, ఫ్రీ వీల్ వాళ్ళు అక్కడ అవసరమైతే ఆ పెడలు పైకి పెట్టుకోవచ్చు, ఫిక్స్‌డ్ వాళ్ళకు ఆ వెసులుబాటు లేదు. అందుకని వాళ్ళు కాస్త వెడల్పుగా తిరగాలి.

తనిఖీకి ఒకరిని పెట్టండి, సైకిల్ షాపు మెకానిక్ అయితే మేలు. స్టాండు, బుట్ట, అద్దం, బాటిల్, క్యారియర్ అన్నీ విప్పించాలి. పరుగులో స్టాండు కిందికి జారితే మలుపులో అదే పడేస్తుంది. హ్యాండిల్ గొట్టాల చివర మూతలు లేకుండా ఎవర్నీ దింపొద్దు. పడినప్పుడు ఆ ఖాళీ గొట్టం మాంసంలో గుండ్రంగా కోస్తుంది. 28 మిల్లీమీటర్లకు తక్కువ టైర్లు మట్టి మీద వద్దు, వాటిలో గాలి 70 నుంచి 80 పీఎస్ఐ చాలు. రోడ్డు మీద కొట్టినట్టు 110 కొడితే టైరు నేలను పట్టదు, ఎగురుతుంది. సైకిల్ హెల్మెట్, నిండు చేతి తొడుగులు తప్పనిసరి.

పని చేసేవాళ్ళు పదిహేను మంది కావాలి. స్టార్టరు, ముగింపు దగ్గర ఇద్దరు న్యాయనిర్ణేతలు, రెండు ఫోన్లకు ఇద్దరు, రెండు మలుపుల బయట ఎర్ర జెండాలతో ఇద్దరు, స్కోరు రాసేవారు ఒకరు, తనిఖీకి ఒకరు, ఊడ్చేవాళ్ళు ఇద్దరు, గేట్ల దగ్గర ముగ్గురు, వచ్చే మూడు జతలను వరసలో నిలబెట్టేవారు ఒకరు. ఈ ఆఖరి మనిషి లేకపోతే పోటీకి మూడు నిమిషాలు కాస్తా ఏడు అవుతాయి. గేట్ల దగ్గరి వాళ్ళ అసలు పని మనుషుల్ని ఆపడం కాదు, వీధికుక్కల్ని ఆపడం. న్యాయనిర్ణేతలు మాత్రం పోటీలో ఉన్నవాళ్ళు కాకూడదు.

నెలల్లో జనవరి, ఫిబ్రవరి మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు మట్టి ట్రాక్‌ను నమ్మనివ్వవు, బ్రహ్మోత్సవాల వేళ పోలీసులు మీకు దొరకరు. సంక్రాంతి తర్వాతి ఆదివారాలు పట్టుకుని, రథసప్తమి వారం వదిలేయండి. మార్చిలో పిల్లలకు పరీక్షలు, ఆ పైన ఎండ. పొద్దున 6.45కి టైము పరుగు, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. 7.50కి మొదటి పోటీ. ముందు ఆరు గ్రూపుల తొలి పోటీలన్నీ, తర్వాత రెండోవి, అలా తిప్పితే ఎవరికైనా రెండు పరుగుల మధ్య కనీసం పావుగంట విశ్రాంతి దొరుకుతుంది. 9.40కల్లా అయిపోతుంది.

గాయాలు చాలావరకు చర్మం గీరుకోవడమే. సెలైన్ నీళ్ళు, గాజుగుడ్డ ఎక్కువగా ఉంచుకోండి. తర్వాతి స్థానం మెడ పక్క ఎముకది. దానికి చెయ్యి వేలాడదీసే త్రికోణపు గుడ్డ కట్టి ఆసుపత్రికి. తల తగిలినవాడు ఎంత బాగున్నానన్నా ఆ రోజు మళ్ళీ ఎక్కకూడదు. 108కి ఫోను చేసేది ఎవరో ముందే తేల్చుకోండి. అంబులెన్స్ లోపలికి రావాల్సిన గేటు తాళం ఎవరి జేబులో ఉందో కూడా. రుయా ఆసుపత్రి క్యాజువాలిటీకి మీ గ్రౌండు నుంచి దారి ఎటో ఒకసారి వెళ్ళి చూసి రండి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు తల్లిదండ్రుల సంతకం తీసుకోవాలి.

మీలో ఎవరైనా నిజంగా గట్టిగా నిలిస్తే అసలు ఏటవాలు ట్రాక్ ఎక్కించండి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తిరువనంతపురంలోని వ్యాయామ విద్య కళాశాల ఎల్‌ఎన్‌సీపీఈలో వెలోడ్రోములున్నాయి. ముందుగా ఫోను చేసి, వాడుకలో ఉందో లేదో, బయటివాళ్ళను రానిస్తారో లేదో కనుక్కుని బయల్దేరండి. ఢిల్లీలో 2022 ఆసియా ట్రాక్ పోటీల్లో రొనాల్డో సింగ్ స్ప్రింటులో వెండి పతకం తెచ్చాడు. మన దేశంలో ఈ పోటీకి చోటు లేదనేవాళ్ళకు అది చెప్పండి.

మొదటి రౌండుకు ముందు ఆదివారం ఆరుగురు రైడర్లతో, మొత్తం పదిహేను మంది పనివాళ్ళతో ఒక ఉత్తుత్తి రౌండు నడపండి. కర్రలు సూటిగా లేవని, ఫోను మెమరీ నిండిందని, తెల్ల బనియన్ ఇంట్లో మర్చిపోయారని ఆ రోజే తెలియాలి.